పన్నెండో పిన్ను

మునిలక్ష్మిని మనం పోయిన వారం యూనివర్సిటీ ల్యాబులో, మైక్రోస్కోపు ముందు, చేతిలో ఒక కాగితంతో నిలబెట్టి వచ్చేశాం. ఆ కాగితం అడుగున ఉన్నది వాళ్ళ నాన్న సంతకం. ఈ మధ్యలో పెళ్ళిళ్ళకూ పరీక్షలకూ ఊళ్ళు తిరిగి వచ్చిన పాఠకులు ఉంటారు గనక, జరిగింది రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

బెళ్ళందూరులో కడుతున్న ఒక అపార్టుమెంటులో సామాను పైకి లాగే లిఫ్టు మూడో అంతస్తు నుంచి కింద పడింది. దాన్ని నడిపే స్టాన్లీకి కాలు రెండు చోట్ల విరిగింది. బరువు ఎక్కువ ఎక్కించాడని కంపెనీవాళ్ళు తప్పంతా అతని మీదికే తోసి కేసు పెట్టారు. అతనేమో నాలుగు సిమెంటు మూటలు తప్ప ఏమీ ఎక్కించలేదని ఆసుపత్రి మంచం మీద నుంచి మొత్తుకుంటున్నాడు. లిఫ్టులో విరిగింది ఒకే ఒక్క పిన్ను. బొటనవేలంత లావు, జానెడు పొడవు ఉన్న ఉక్కు ముక్క. అది బరువుకు విరిగిందా, తయారీలోనే తప్పుందా తేల్చమని యూనివర్సిటీకి పంపారు. మెటీరియల్స్ సైన్సులో ఎంటెక్ మొదటి ఏడాది చదువుతున్న మునిలక్ష్మికి ఆ పని గైడు సహన మేడమ్ అప్పగించింది. పిన్నుతో వచ్చిన కాగితాల్లో ఆఖరిది, దాన్ని కాల్చి గట్టిపరిచిన షెడ్డువాళ్ళ సర్టిఫికెట్. దాని కింద సంతకం, పక్కన పేరు. ఓబులేష్, ఫర్నేస్ ఆపరేటర్.

ఆ సంగతి వెంటనే మేడమ్‌కి చెప్పవలసింది. వారం గడిచినా చెప్పలేదు. ఇవాళ శుక్రవారం. సాయంత్రం ఐదింటికల్లా రిపోర్టు మేడమ్ చేతిలో ఉండాలి.

పొద్దున తొమ్మిదింటికే మునిలక్ష్మి ల్యాబుకు వచ్చి ఆ పిన్ను ముక్కను మళ్ళీ గట్టిదనం కొలిచే మిషన్ కింద పెట్టింది. యాభై ఎనిమిది. జరిపి పెట్టింది. యాభై ఎనిమిది. ఇంకో మూల పెట్టింది. ఈసారి యాభై తొమ్మిది.

ల్యాబ్ టెక్నీషియన్ మహబూబ్ బాషా టీ గ్లాసుతో వెనక నిలబడి చూస్తున్నాడు. పాతికేళ్ళుగా ఆ మిషన్లతో కాపురం చేస్తున్న మనిషి.

"ఎన్నిసార్లు గుచ్చుతావమ్మా దాన్ని? పోయిన వారం ఇదే, మొన్న ఇదే. మిషన్ మీద అనుమానమా, నా మీద అనుమానమా?"

"నా మీదే బాషా సార్," అంది మునిలక్ష్మి. నవ్వుదామనుకుంది గాని నవ్వు రాలేదు.

ఇందులో అర్థం కాకపోవడానికేమీ లేదు. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. గట్టిపడటంతో పాటు పెళుసెక్కుతుంది, గాజు గ్లాసులా దెబ్బకు పగులుతుంది. అందుకని దాన్ని మళ్ళీ సన్నటి వేడి మీద రెండు మూడు గంటలు ఉంచాలి. దీన్ని టెంపరింగ్ అంటారు. అప్పుడు ఉక్కు కాస్త మెత్తబడి బరువుకు ఓర్చుకుంటుంది. టెంపరింగ్ చేసిన పిన్నయితే మిషన్ నలభై చూపించాలి. యాభై ఎనిమిది అంటే ఆ పని అసలు జరగలేదన్న మాట. అంటే స్టాన్లీ తప్పు లేదు. తప్పు షెడ్డుది. షెడ్డు అంటే ఫర్నేసు, ఫర్నేసు అంటే నాన్న.

ఇంతవరకూ బుర్రకు ఎక్కుతోంది. ఎక్కనిది ఒకటే. నాన్న ఆ పని చేయకుండా వదిలేసే మనిషి కాడు. పప్పులో తాలింపు మరిచిపోతే అమ్మను వదిలేస్తాడు గాని, టెంపరింగ్ మరిచిన కుర్రాణ్ణి షెడ్డులో నిలబెట్టి దులిపేస్తాడు. మిషన్ అబద్ధం చెప్పదు, నాన్న చెప్పడు. రెండూ నిజమైతే ఈ పిన్ను ఎక్కడి నుంచి ఊడిపడింది? వారం రోజులుగా ఆమెకు అన్నం సహించడం లేదు.

"బాషా సార్, నేను ఒక చోటికి పోయి వస్తా. మేడమ్ అడిగితే..."

"రిపోర్టు టైపు చేస్తా ఉండావని చెప్తాలే, పో," అన్నాడు బాషా. ఏ చోటికని అడగలేదు.

సర్జాపుర దాటి అత్తిబెలె దారిలో రెండు కిలోమీటర్లు పోతే, రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. నాలుగోది ఓబులేష్ యజమాని మునిరాజుది. బస్సు దిగి లోపలికి అడుగుపెట్టేసరికి ఒంటిగంట దాటింది. కాలిన నూనె వాసన గొంతులో పట్టుకుంది. పనివాళ్ళు తిండికి బయటికి పోయారు. ఓబులేష్ ఒక్కడే ఫర్నేసుకు ఎదురుగా తిరగేసిన డబ్బా మీద కూర్చుని క్యారియరు విప్పుతున్నాడు. ముప్పై ఏళ్ళు మంట ముఖంలోకి చూస్తూ ఉండటం వల్ల ఆయనకు కనుబొమ్మలు పేరుకు మాత్రమే మిగిలాయి. కూతుర్ని చూసి ముఖం విప్పారింది.

"ఏం పాపా, కాలేజీ లేదా? రా, ఇంత ముద్ద తిను. మీ అమ్మ ఈ పొద్దు వంకాయ బాగ చేసుండాది."

"ఆకలి లేదు నాయనా. ఒక మాట అడగల్ల."

"ఒకటేంది, పది అడుగు. ఇనుము చదువు చదివే పిల్ల నన్ను అడగడం నాకూ మర్యాదే కద."

ఈ 'ఇనుము చదువు' ఆయన పెట్టిన పేరే. నా కూతురు ఇనుము చదువు చదువుతోందని సర్జాపురలో టీ కొట్టు నుంచి మెడికల్ షాపు దాకా చెప్పుకొచ్చాడు. నేను చేసేదే చదువుతోంది, కాకపోతే ఏసీలో కూర్చుని చదువుతోంది అని కూడా కలిపేవాడు. ఆ గర్వం గుర్తొచ్చింది మునిలక్ష్మికి. అయినా అడిగేసింది.

"దసరా అప్పుడు లిఫ్టు పిన్నులు చేసింటివి. వాటికి టెంపరింగ్ చేసినావా?"

ఓబులేష్ కలిపిన ముద్దను మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు.

"చేసినా."

"నిజంగా?"

"చేసినా అంటా ఉండా కద."

"నాయనా, ఆ విరిగిన పిన్ను యాభై ఎనిమిది చూపిస్తా ఉండాది. మూడు దినాలు, మూడుసార్లు చూసినా."

"అయితే మీ మిషన్ చెడిపోయుండాది."

"చెడిపోలేదు."

"ముప్పై ఏండ్లాయ నేను ఈ మంట ముందర నిలబడి!" ఆయన గొంతు పెరిగింది. "నూనెలో ముంచినదాన్ని టెంపరింగ్ లేకుండా పంపిస్తానా నేను? నన్ను మునిరాజు అడగలేదు ఈ మాట ఏ పొద్దూ. నువ్వు అడగొచ్చునా?"

మునిలక్ష్మికి కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తెలియక రెండూ ఆగిపోయాయి. మాటలతో కాదని ఫోను తీసి, మైక్రోస్కోపు కింద తీసిన ఫొటో ఆయన ముందు పెట్టింది.

"ఇది చూడు. ఆ పిన్ను లోపల ఇట్లుండాది."

ఓబులేష్ చెయ్యి తుడుచుకుని ఫోను అందుకున్నాడు. కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టుకున్నాడు. తెర నిండా సన్నటి సూదులు, ఒకదాన్నొకటి కోసుకుంటూ, అడ్డదిడ్డంగా పరుచుకుని ఉన్నాయి.

"ఏంది పాపా ఇది? వేపాకులు ఆరబోసినట్ల ఉండాది."

"ఉక్కే. వెయ్యిరెట్లు పెద్దది చేస్తే ఇట్ల కనిపిస్తుంది. నూనెలో ముంచి అట్లే వదిలేసినది."

"టెంపరింగ్ చేస్తే?"

ఆమె వేలితో తెర పక్కకు జరిపింది. రెండో ఫొటోలో సూదుల పదును చచ్చిపోయి, మధ్యలో సన్నటి తెల్ల చుక్కలు జల్లినట్టున్నాయి. ఓబులేష్ దాన్ని చాలాసేపు చూశాడు. ఆయన మనసులో ఏం తిరుగుతోందో గాని, కోపం మాత్రం దిగిపోయింది.

"నేను చేసేది ఇదా?" అన్నాడు మెల్లగా. "ఇన్నేండ్లు రంగు చూసి చేసినా గాని, లోపల ఏమవుతుందో ఏ పొద్దూ చూడలేదు నేను."

ఒక్క క్షణం మునిలక్ష్మి తను ఎందుకొచ్చిందో మరిచిపోయింది. ఆ తెల్ల చుక్కలేమిటో, అవి ఎలా పుడతాయో చెప్పబోయింది. ఇది ఇంకో రోజు, ఇంకోలా జరిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

"బుక్కు చూపిస్తా, దా," అంటూ ఆయనే లేచాడు. "నేను చెప్పితే నమ్మవు. రాసింది నమ్ముతావేమో."

బల్ల సొరుగులోంచి నూనె మరకల రిజిస్టరు తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. మునిలక్ష్మి వంగి చదివింది. లిఫ్టు పిన్నులు, పన్నెండు. నూనెలో ముంచింది సాయంత్రం నాలుగింటికి. టెంపరింగ్ ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా. తారీకు చూసి ఆమె వేలితో లెక్కపెట్టుకుంది. ఆయుధ పూజకు ముందు రోజు.

"నాయనా."

"ఏం?"

"ఆ సాయంత్రం ఆరింటికి నువ్వు ఇంట్లో ఉంటివి. బూడిద గుమ్మడికాయలు రెండు తెచ్చినావు. ఒకటి అమ్మకిచ్చి, ఒకటి షెడ్డుకని సైకిలుకు కట్టుకున్నావు. నేనే తాడు పట్టుకుంటి."

ఓబులేష్ రిజిస్టరు మూశాడు. మళ్ళీ తెరిచాడు. అందులో ఇంకేదైనా రాసి ఉంటుందేమోనని వెతికినట్టు చూశాడు.

"ఆ దినం చేయలేదు," అన్నాడు చివరికి. "నూనెలో ముంచి తీసేటప్పటికి మునిరాజు పూలూ మామిడాకులూ తీసుకొని వచ్చేసినాడు. మంట ఆర్పు, ఫర్నేసు కడగల్ల, ముగ్గు వేయల్ల అన్యాడు. ఆర్పితే మళ్ళ ముట్టించేది పూజ అయినాక, మర్సనాడే. నీకు తెలుసు కద ఈ షెడ్డు సంగతి. బొట్టు పెట్టిన ఫర్నేసును ఆ దినం ముట్టించేది లేదు, వాళ్ళ నాయన కాలం నుంచి. పిన్నులు ట్రేలో అట్లే ఉండిపోయినాయి. మూడో దినం పొద్దున మొదటి కెలసం అదే పెట్టుకుంటి. పార్టీవాళ్ళు బుక్కు అడుగుతారు, వెంటనే చేసినట్ల రాసెయ్ అన్యాడు మునిరాజు. రాసినా. అది తప్పే. కాదని అనను."

మునిలక్ష్మి గోడకు ఆనుకుంది. తప్పుడు తారీకు. సరే. అది దొంగరాతే. ముంచిన వెంటనే చేయవలసిన పనిని రెండు రోజులు ఆపడమూ తప్పే. కానీ ఆలస్యంగానైనా చేశాడు గదా! చేసి ఉంటే ఉక్కు మెత్తబడాలి, మిషన్ నలభై చూపించాలి. ఎటు తిప్పి చూసినా యాభై ఎనిమిది యాభై ఎనిమిదిగానే నిలబడి ఉంది. నాన్న ఒక తప్పు ఒప్పుకుంటే చిక్కు విడిపోతుందనుకుని వచ్చింది. ఒప్పుకున్నాడు, చిక్కు ఇంకా బిగిసింది.

"మూడో దినం అన్నీ పెట్టినావా లోపల?"

"ట్రేలో ఉండేవన్నీ పెట్టినా."

"ఎన్ని?"

ఓబులేష్ పక్కనున్న పట్టకారు తీసి, అవసరం లేకపోయినా గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఎన్ని పెట్టినావు నాయనా?"

"పదకొండు."

"ఇంకొకటి?"

"పూజలో పెట్టింటిమి కద."

షెడ్డులో తూర్పు గోడకు దేవుడి గూడు ఉంది. ఆయుధ పూజ నాడు అందరూ పట్టకార్లూ స్పానర్లూ పెట్టి పూజ చేస్తారు, మర్నాడు తీసుకుంటారు. మునిరాజు షెడ్డులో దానికి తోడు ఇంకో అలవాటుంది. ఆ రోజు ఏ పని చేతిలో ఉంటే, ఆ సరుకులో ఒకటి దేవుడి పటం ముందు పెట్టి బొట్టు పెడతారు. అది మళ్ళీ కిందికి దిగదు. పార్టీకి ఇంకొకటి తర్వాత చేసి ఇస్తారు. మునిలక్ష్మి తలెత్తి చూసింది. గూట్లో పళ్ళచక్రం ఒకటి, లావుపాటి బోల్టు ఒకటి, ఏదో ట్రాక్టరు ముక్క ఒకటి, ఏళ్ళ తరబడి పడిన కుంకుమతో ఎర్రగా వరసగా ఉన్నాయి. చివర్లో ఒకదాని మేర ఖాళీగా ఉంది.

"అది ఏమైపాయ?" అంది.

"లేదు."

"లేదని కనిపిస్తానే ఉండాది. ఎప్పటి నుంచి లేదు?"

"సరుకు పోయిన వారానికి చూసినా. ఊదుబత్తి వెలిగించేటప్పుడు."

"ఎవరు తీసినారని అడగలేదా? దేవుడి ముందర పెట్టినది పోతే ఊరికే ఉంటారా ఎవరన్నా? మునిరాజన్నకు చెప్పలేదా?"

"చెప్పలేదు."

"యాల?"

ఓబులేష్ పట్టకారు కింద పెట్టి కూతురి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, తప్పు చేసిన జంకూ లేదు. ఇంక అడక్కు తల్లీ అని బతిమాలుతున్నట్టుంది. ఆ చూపు ఎందుకో అర్థం కాక మునిలక్ష్మి ముందు తెల్లబోయింది. తర్వాత, ఇన్నాళ్ళూ మరిచిపోయిన ఒక మధ్యాహ్నం గుర్తొచ్చి, అర్థమైంది.

దసరా సెలవలు. యూనివర్సిటీలో చేరి రెండు నెలలు కాలేదు. మూడో రోజు మధ్యాహ్నం క్యారియరు తెచ్చింది తనే. నాన్న నూనె డబ్బాల కోసం అత్తిబెలె పోయి ఉన్నాడు. బయట లగేజీ ఆటోవాడు తొందరపెడుతున్నాడు. మునిరాజు ఫోనులో అరుస్తున్నాడు, పన్నెండూ సరిగ్గా లెక్కపెట్టి ఎక్కించండి, ఒకటి తగ్గితే ఓబులేష్ పని చెప్తా అని. లెక్కపెడితే పదకొండు. మళ్ళీ లెక్కపెట్టింది, పదకొండే. తలెత్తితే గూట్లో పన్నెండోది కనిపించింది. గూట్లోది కిందికి దిగదన్న అలవాటు అప్పటికి ఆమెకు తెలియదు. పూజ అయిపోయింది గదా, స్పానర్లన్నీ తీసేసుకున్నారు, దీన్ని తీయడం మరిచిపోయారు కాబోలు అనుకుంది. దేవుడికి పెట్టారంటే మంచి పీసే అయి ఉంటుంది అని కూడా అనుకుంది. స్టూలెక్కి తీసింది. గుడ్డతో కుంకుమ తుడిచింది. మిగతా పదకొండూ నీలం తిరిగి ఉన్నాయి, ఇది మాత్రం నల్లగా ఉంది. అది చూసింది కూడా! దీపం పొగ పట్టిందనుకుంది. పెట్టెలో సర్ది మూత కొట్టించి పంపింది. నాన్నకు తిట్లు తప్పించానని ఆ పూటంతా మనసులోనే మురిసిపోయింది. నాన్న తిరిగొచ్చాక ఆ మాట చెప్పనైనా లేదు.

ఇవాళైతే ఆ నలుపు చూసి పది అడుగుల దూరం నుంచే చెప్పేస్తుంది, దీనికి టెంపరింగ్ కాలేదని. అప్పటికి పాఠం అక్కడికి రాలేదు. ఆమె ఇందాక నాన్న కూర్చున్న డబ్బా మీద కూలబడింది.

"నేనే," అంది.

"గట్టిగ అనొద్దు," అన్నాడు ఓబులేష్ చుట్టూ చూస్తూ.

"నీకు అప్పుడే తెలుసా?"

"ఆటోవాడు చెప్పినాడు, మీ పాప భలే చురుకుండాదే, దేవుడి గూట్లో నుంచి తీసి లెక్క సరిచేసినాది అని. పోయింది పోయింది, ఏం కాదులే అనుకుంటి. తెప్పించుండల్ల నేను. ఎవరన్నా అడిగితే నీ పేరు వస్తుందని భయపడి గమ్మునుంటి." ఆయన పట్టకారు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "పోయిన వారం ఇంట్లో నువ్వు విరిగిన పిన్ను అని చెప్పితివి చూడు, ఆ పొద్దు నుంచి నాకు నిద్ర లేదు."

మునిలక్ష్మికి ఆ మాటలు సగమే వినబడుతున్నాయి. ఆసుపత్రిలో స్టాన్లీ కాలికి కట్టిన బరువు కళ్ళ ముందు ఊగుతోంది. వారం నుంచి తను గుచ్చి గుచ్చి కొలుస్తున్నది, కోసి, పాలిష్ పెట్టి, ఫొటోలు తీసింది, తన చేతులతో పెట్టెలో వేసిన పిన్నునే. తప్పు ఎవరిదని అన్ని దిక్కులా వెతికింది గాని, తన వైపు వేలు తిరుగుతుందని కలలో కూడా అనుకోలేదు. భయంగా ఉంది. సిగ్గుగా ఉంది. మూల ఎక్కడో, నాన్న అబద్ధం చెప్పలేదన్న సంతోషం కూడా ఉంది. అలాంటి వేళ సంతోషం కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇప్పుడేం రాయల్ల నాయనా?"

"టెంపరింగ్ కాలేదని రాయి. నిజమే కద అది. ఆ లిఫ్టాయన బయట పడతాడు. బుక్కులో సంతకం నాది, సర్టిఫికెట్లో సంతకం నాది, తప్పు తారీకు రాసిన చెయ్యి నాది. నీ పేరు యాడా లేదు." ఓబులేష్ ఇదంతా ముందే కూడబలుక్కున్నట్టు గబగబా చెప్పాడు. "ఏం చేస్తారు నన్ను? మునిరాజు కెలసంలో నుంచి తీసేస్తాడు. కేసంటే పోయి నిలబడతా. నీది ఇప్పుడు మొదలైన చదువు. ఈ మాట బయటికి పోతే నిన్ను ఆ ల్యాబు గడప తొక్కనిస్తారా?"

"నువ్వు చేయనిదానికి నువ్వెట్ల నిలబడతావు?"

"సగం నేను చేసిందే కద!"

ఆ సగం మాట కూడా నిజమే. అందుకే ఆమెకు ఎటూ పాలుపోలేదు. నాన్న మీద రాస్తే రిపోర్టులో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు, అయినా అది మోసం. తన పేరు రాస్తే నిజం పూర్తవుతుంది, చదువు ఆగుతుంది. రాయకుండా కూర్చుంటే స్టాన్లీ జైలుకు పోతాడు.

ఒళ్ళో ఫోను మోగింది. సహన మేడమ్. మునిలక్ష్మి నాలుగు రింగుల దాకా చూస్తూ ఉండిపోయి, ఎత్తింది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే కోలారు మనిషి గనక మేడమ్ ఆమెతో ఎప్పుడూ తెలుగే మాట్లాడుతుంది.

"ఎక్కడున్నావమ్మా? రిపోర్టు టైపు చేస్తున్నావని బాషా చెప్పారు, సీట్లో చూస్తే లేవు."

"వస్తున్నా మేడమ్."

"సరే, ఒక విషయం. స్టాన్లీ తరఫు లాయర్ నా ముందరే ఉన్నారు. ఆ షెడ్డువాళ్ళ ఫర్నేస్ ఆపరేటర్ని సోమవారం పిలిపించి అడుగుతారట. ఓబులేష్ అని పేరు. షెడ్డు సర్జాపుర దగ్గరే. మీ ఊరే కదా? నీకేమైనా తెలుసా అతను?"

మునిలక్ష్మి నాన్న వైపు చూసింది. మేడమ్ గొంతు పెద్దది, ఖాళీ షెడ్డులో ప్రతి మాటా ఆయనకూ వినబడింది. తెలీదని చెప్పు అన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తెలుసు మేడమ్," అంది ఆమె. "మా నాన్న."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

"వారం రోజులుగా తెలిసీ నాకు చెప్పలేదా నువ్వు?"

"చెప్పలేదు మేడమ్. తప్పే. కానీ మీరు పిలవాల్సింది ఆయన్ని కాదు."

"మరి ఎవర్ని?"

ఆమె పెదవి విప్పేలోగా ఓబులేష్ రెండంగల్లో వచ్చి, ఫోను ఆమె చేతిలోంచి లాక్కుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నమస్కారం మేడమ్. నేను ఓబులేష్‌ను. పాపకు ఏం తెలీదు, బెదిరిపోయుండాది. ఆ పిన్ను పెట్టెలో వేసింది నేనే. లాయరు సార్‌ను రాసుకోమనండి."